ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి

పన్నుల కోర్టులో ఉరిశిక్షలుండవు. బోనులో నిలబడి ఏడ్చేవాళ్లుండరు, కేకలుండవు, గుమ్మం దగ్గర పోలీసు కూడా ఒకడే, వాడూ కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతుంటాడు. మా బావ అక్కడ జడ్జి అయిన కొత్తలో నా దుకాణానికొచ్చే వాళ్లు ఇంతవరకు ఎంతమందిని జైల్లో వేయించాడని ఎంతో ఆశగా అడిగేవారు. ఒక్కణ్ణీ లేదంటే నీరసపడిపోయి, అయితే అదేం జడ్జీ పని అన్నట్టు నా మొహం చూసి, ప్యాంటు కొలతలిచ్చి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. అక్కడ ఓ మనిషి నిదానంగా చదివే నాలుగు వాక్యాలకి కొంపలు మునిగిపోతాయని వీళ్లకెలా చెప్పను?

నేను టైలర్ని. మా నాన్నా టైలరే. బావని మొదటిసారి చూసింది మా దుకాణంలోనే. ఎవరో ఇచ్చిన పాత కోటు చంకలో పెట్టుకొచ్చి, దీన్ని నా ఒంటికి సరిపోయేలా చెయ్యగలరా అని అడిగాడు. ఆ కోటులో ఆయనలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. నాకు నవ్వాగలేదు. నాన్న కొలతలు తీసుకుంటుంటే ఈయన మిషను పక్కన పడున్న పాత పేపరు, బట్టలు చుట్టి తెచ్చిన నలిగిన పేపరు, సాపు చేసుకుంటూ చివరి ప్రకటన దాకా చదివేశాడు. ఆయన వెళ్లాక నాన్న, వీడు చదివి బాగుపడతాడో చదివి పాడవుతాడో గానీ ఊరికే మాత్రం ఉండడు అన్నాడు. ఆ తర్వాత బావకి మా దుకాణంలో రిపేర్లు ఎక్కువయ్యాయి. గుండీలు ఊడిన చొక్కాలు, గుండీలు ఊడని చొక్కాలు కూడా తెచ్చేవాడు. గుండీలు కుట్టేది మా అక్క. సంగతి నాన్నకి అర్థమయ్యేసరికి నాకెప్పుడో అర్థమైపోయింది.

బావ తండ్రి గూడ్స్ షెడ్డులో కాటా దగ్గర గుమాస్తా. బావ పన్నుల ఆఫీసులో అట్టడుగు గుమాస్తాగా చేరాడు. కాగితాలకి నంబర్లు వెయ్యడం, దారంతో కుట్టి బీరువాలో పెట్టడం, పైవాళ్లు అడిగినప్పుడు తీసి ఇవ్వడం, అంతే. ఇంకొకడైతే ఆ బీరువాల మధ్యే ముసలివాడైపోయేవాడు. ఈయన కుట్టే ముందు ప్రతి కాగితమూ చదివేవాడు. సాయంత్రం కాలేజీలో లా చదివాడు. ఇంటికొచ్చాక పుస్తకం అక్క చేతిలో పెట్టి పాఠం అప్పజెప్పేవాడు. అక్కకి అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాట ఎగరగొడితే పట్టేసేది. ఆవిడ చదివింది తక్కువే గానీ ఒకసారి చూసిందీ విన్నదీ మర్చిపోవడం ఆవిడ వల్ల కాదు. వాళ్ల పెళ్లైన కొత్తలో నేను తీసుకున్న చేబదులు కూడా నిన్నటిదాకా దెప్పుతూనే ఉంది.

డిపార్టుమెంటు పరీక్షలు ఒకటి పోయి ఒకటి నిలిచి, చివరికి ఆఫీసరయ్యాడు. ఆఫీసరంటే వ్యాపారుల లెక్కలు చూసి, ఎవరెంత పన్ను కట్టాలో తేల్చి ఆర్డరు రాసేవాడు. ఆ ఉద్యోగంలో కాలు నిలవదు. ఈ ఊరు సర్దుకునేలోపు ఆ ఊరు. చెమ్మెక్కిన గోడల అద్దె ఇళ్లు, అరిగిపోయిన ఆఫీసు కుర్చీలు, సంవత్సరం చివర్లో గుట్టలకొద్దీ ఆర్డర్లు. గడువులోపు తేల్చకపోతే పైవాళ్లు తినేసేవారు. వందల ఆర్డర్లు రాశాడు. ఏ ఊళ్లో ఎవరికి రాశాడో ఆయనకే గుర్తుండేది కాదు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను.

తర్వాత ప్రభుత్వం తరఫున వాదించే పని ఇచ్చారు. ఆఫీసర్లు రాసిన ఆర్డర్ల మీద వ్యాపారులు పన్నుల కోర్టుకెళితే, ఆ ఆర్డరు సరైనదేనని నిలబడి చెప్పాలి. దానికి నల్లకోటు నేనే కుట్టాను. అక్కడ జడ్జీల కళ్లల్లో పడ్డాడు. ఖాళీ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టుకోమన్నారు, ఇంటర్వ్యూకి పిలిచారు, నడివయసు దాటాక జడ్జి అయ్యాడు. మొదటి రోజు కోటు తొడిగి చూస్తే భుజాలు కొంచెం వంగాయి. వెనక ఓ కుట్టు విప్పి సర్దాను. ఆయనకి చెప్పలేదు.

ఆ కోర్టు నేను చూశాను. పొడుగాటి వరండా, గోడవారన నునుపు తేలిన చెక్క బెంచీలు, వాటి మీద ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న జనం. ఆసుపత్రిలో కూర్చున్నట్టే కూర్చుంటారు, కాకపోతే ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏం జబ్బని అడగరు. లోపల గది చిన్నది. కిటికీలకి మాసిన తెరలు. ఎత్తు బల్ల వెనక ఇద్దరు జడ్జీలు కూర్చుంటారు, అందులో ఒకరు మా బావ. ఆయనకో పద్ధతి ఉండేది. తీర్పు చెప్పే ముందు, ఓడిపోబోతున్న వాళ్ల వాదనని తన మాటల్లో మొత్తం తిరిగి చెప్పి, సరిగ్గా చెప్పానా అని వాళ్లనే అడిగేవాడు. అవునండీ అన్నాకే కొట్టేసేవాడు. పక్క జడ్జీలకి విసుగ్గా ఉండేది, పని నత్తనడక నడిచేది. ఆయన మాత్రం వదల్లేదు. నా దగ్గర ఓడినవాడు కూడా, నా మాట విన్నారు అనుకుంటూ పోవాలి అనేవాడు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

ఆ కోర్టు మొత్తానికీ పెద్ద జడ్జి ఒకాయన ఉంటాడు. ఆ కుర్చీ ఖాళీ కాబోతోందనీ, వరసలో మా బావే ముందున్నాడనీ ఆ చివరి సంవత్సరం అందరికీ తెలిసింది. గూడ్స్ షెడ్డు గుమాస్తా కొడుకు ఆ కుర్చీలో కూర్చోవడమంటే మాటలు కాదు. బావ పైకి ఏమీ అనేవాడు కాదు గానీ అద్దం ముందు కాస్త ఎక్కువసేపు ఉంటున్నాడని అక్క చెప్పింది. నేను మంచి గుడ్డ తెప్పించి ఉంచాను. ఏదైనా మచ్చ పడితే తప్ప ఆ కుర్చీ ఆయనదే.

సరిగ్గా అప్పుడే ఐస్ ఫ్యాక్టరీ కేసు ఆయన ముందుకొచ్చింది.

ఫ్యాక్టరీ ఓనరు చేపల పడవలకి ఐసు అమ్ముకునే మనిషి. ఉప్పునీటి తొట్టెల్లో డబ్బాలు దింపి, నీళ్లు గడ్డకట్టించి, దిమ్మలు తీసి స్టోరులో రంపపు పొట్టు కప్పి ఉంచుతాడు. పడవలొస్తే అమ్ముతాడు. రాకపోతే అవి కరిగిపోతాయి. ఎప్పుడో ఏళ్ల కిందట ఓ ఆఫీసరు ఆయన కరెంటు బిల్లులు చూశాడు. ఇంత కరెంటు కాలితే ఇన్ని దిమ్మలు తయారై ఉండాలి, నువ్వు అమ్మానని చూపిస్తున్నవి ఇంతే, మిగిలినవి దొంగచాటుగా అమ్ముకున్నావు అన్నాడు. కరిగిపోయాయండీ అన్నాడు ఓనరు. సాక్ష్యమేదీ అన్నాడు ఆఫీసరు. కరిగిన ఐసుకి సాక్ష్యం ఎవడు తేగలడు? తనిఖీలో కరిగిన జాడ కనిపించలేదని పన్ను వేసి, జరిమానా వేసి ఆర్డరు రాసేశాడు.

ఆ కేసు కింది అప్పీలుకి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇంకో చోట నలిగి, పన్ను మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ పెరిగి, బావ బల్ల మీదికొచ్చేసరికి పాతికేళ్లయింది. ఓనరు నడుం వంగింది. ఫ్యాక్టరీ వెనకే ఇల్లు. ఓడిపోతే రెండూ పోతాయి. అది కోర్టులో అందరికీ తెలుసు, బావకీ తెలుసు.

కోర్టుకిచ్చే ఫైల్లో పాత ఆర్డర్ల టైపు కాపీలుంటాయి. కింద ఆఫీసరు పేరుండదు, సంతకముండదు, హోదా మాత్రం ఉంటుంది, ఆ హోదాలో ఏ ఊళ్లోనైనా మనుషులు మారిపోతూనే ఉంటారు. బావ ఆ ఆర్డరు ఇంటికి తెచ్చుకుని చదివి మురిసిపోయాడట. మన ఆలోచన ఇంకొకడి నోట వింటే వాడెంత తెలివైనవాడిలా కనిపిస్తాడో మీకు తెలియంది కాదు. అందులో ఒక వాక్యం ఆయనకి మరీ నచ్చింది. ‘ఇంత ఐసు కరిగితే, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి?’ అని రాశాడా ఆఫీసరు.

విచారణ రోజు బావ ఎప్పటిలాగే ఓనరు వాదన మొత్తం తన నోటితో చెప్పాడు. పడవలు ఆలస్యమైతే దిమ్మలు కరుగుతాయి, కరెంటు మాత్రం అంతే కాలుతుంది, కరిగినదానికి రసీదులుండవు, ఇదే కదా మీరనేది అన్నాడు. ఓనరు లేచి నిలబడి, అవునండీ, నాకన్నా బాగా చెప్పారు అన్నాడు. బావ ఆయన్ని కూర్చోమని, ఆఫీసరు ఆర్డరు ఖాయం చేశాడు. నీళ్ల వాక్యాన్ని తన తీర్పులో ఎత్తి రాసుకున్నాడు. ఎంతో ఆలోచించి రాసిన ఆర్డరని ఆ పేరు లేని ఆఫీసరుని మెచ్చుకున్నాడు కూడా.

బావ నడుస్తున్న కేసుల గురించి ఇంట్లో నోరు విప్పడు. తీర్పు చెప్పేశాక మాత్రం సరదాగా ఉన్నవి ఆదివారం భోజనాల దగ్గర చెబుతాడు. ఆ ఆదివారం నేనూ ఉన్నాను. కరెంటు బిల్లుల కథ మొదలుపెట్టి, ఆఫీసరు తెలివిని వర్ణించి, ఆ ప్రశ్న దగ్గరికొచ్చి ఆగి, మా ఇద్దరి మొహాలూ చూశాడు. నేను నవ్వాను. నిజంగానే బాగుందనిపించింది.

అక్క నవ్వలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

“అవి మీ బూట్లలోకి పోయాయి కదండీ,” అంది.

బావకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అక్క నిదానంగా చెప్పుకొచ్చింది. ఆయన ఆఫీసరైన కొత్తలో రేవు ఊళ్లో ఉన్నప్పుడు, ఒకరోజు ఐస్ ఫ్యాక్టరీ తనిఖీకని వెళ్లి బూట్లూ ప్యాంటూ తడిసి ఇంటికొచ్చారు. స్టోరులో కాలు పెడితే చీలమండలు మునిగేంత నీళ్లున్నాయని విసుక్కున్నారు. ఉన్నదే ఒక్క జత బూట్లు. తను వాటిలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టింది. అవి ఆరలేదు. మర్నాడు చెప్పులేసుకుని ఆఫీసుకెళ్లి, పై ఆఫీసరు చేత తిట్లు తిని, జలుబుతో నాలుగు రోజులు మంచం దిగలేదు. ఫ్యాక్టరీ బయట నీలం తలుపులున్నాయని, లోపల ఘాటు వాసనకి కళ్లు మండాయని కూడా మీరే చెప్పారు, అంది.

 బావ చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. నీలం తలుపుల మాట ఆ ఆర్డర్లోనూ ఉంది, ఆ ఆఫీసరు తనేనని ఆయనకి అప్పుడు తెలిసింది. తను రాసిన ఆర్డరు మీద తనే జడ్జిగా కూర్చున్నాడు. తనని తనే మెచ్చుకున్నాడు. అది తెలియక చేసిన పొరపాటు, పోనీ అనుకోవచ్చు. కానీ కరిగిన జాడే లేదని రాసినవాడు ఆ కరిగిన నీళ్లల్లో నిలబడి వచ్చాడు.

సాయంత్రం దాకా ఆయన ముందు గదిలో కూర్చుని లేవలేదు. నేను ఆగలేక వెళ్లి చెప్పాను. ఎవరికీ తెలియదు, పేరు లేదు, సంతకం లేదు, ఇంకో నెల ఆగితే కుర్చీ వస్తుంది, ఆ మనిషి పైకోర్టుకి వెళ్లాలనుకుంటే వెళతాడు, నీకెందుకీ గొడవ అన్నాను. అక్క గుమ్మంలో నిలబడి నా వైపు ఒక చూపు చూసింది గానీ నన్ను ఆపలేదు. ఆవిడకీ ఆ కుర్చీ ఇష్టమే.

“అతన్ని రెండుసార్లు అడిగాను, నీళ్లెక్కడికి పోయాయని,” అన్నాడు బావ. “రెండుసార్లూ జవాబు నాకే తెలుసు.”

అసలు ఎలా రాశావు అలా అని అడిగాను. అదే ఆలోచిస్తున్నాను అన్నాడు. కరెంటు బిల్లులు చూసినప్పుడే ఆర్డరు మనసులో తయారైపోయిందట. తనిఖీ చేశానని రాయాలి కాబట్టి వెళ్లాడు. వెళ్లి దిమ్మలు లెక్కపెట్టుకొచ్చాడు. గడువు దగ్గర పడుతోంది, బూట్లు పాడయ్యాయన్న చికాకు ఒకటి. కరిగిన జాడ కనిపించలేదన్న వాక్యం అలాంటి ఆర్డర్లన్నిటిలోనూ రాసేదే, చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది. అబద్ధం రాస్తున్నానన్న ఊహ కూడా రాలేదన్నాడు. నాకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది. ఒక మనిషి కొంపతో ఆడుకుంటూ చెయ్యి అలవాటుగా పోవడమేమిటి?

సోమవారం కోర్టులో, రెండు పక్షాల్నీ పిలిపించి, బావ కూర్చున్న చోటు నుంచే చెప్పేశాడు. ఆ ఆర్డరు రాసింది నేనే, దాని మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు, తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. అక్కడితో ఆగుంటే సరిపోయేది. స్టోరులో నీళ్లున్నాయనీ, తన కాళ్లు తడిశాయనీ కూడా చెప్పాడు. ప్రభుత్వ లాయరు వెంటనే లేచాడు. ఒకప్పుడు బావ దగ్గరే పని నేర్చుకున్నవాడు. మహా వినయంగా, జడ్జిగారు సాక్ష్యం చెప్పకూడదండీ, ఈ ముక్క రికార్డులో ఉండడానికి వీల్లేదు అన్నాడు. నిజమే, వీల్లేదు. పక్క జడ్జి ఆ ముక్క కొట్టేయించాడు. తీర్పు రద్దయింది. కేసు ఇంకో ఇద్దరు జడ్జీల ముందుకి పోయింది. బూట్ల సంగతి ఎక్కడా మిగల్లేదు.

ఆ వారం నుంచి వరండాలో బావని చూసి మాటలు ఆపేసేవారట. సొంత ఆర్డరునే పోల్చుకోలేని వాడికి కుర్చీ ఏమిటని కొందరు, మంచివాడే గానీ నోరు జారాడని కొందరు. కుర్చీ ఆయనకన్నా చిన్నవాడికి ఇచ్చారు. నేను తెచ్చిన గుడ్డ ఇంకెవరికో పెళ్లి సూటయింది.

బావ అంతటితో ఊరుకోలేదు. జడ్జిగా ఉండి సాక్ష్యం చెప్పకూడదు కాబట్టి జడ్జి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఆ మాట అక్కకి ముందుగా చెప్పలేదు. అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు, నేనూ వచ్చి చెబుతాను, బూట్లు ఆరబెట్టింది నేనేగా అంది. లాయర్లు ఒప్పుకోలేదు. భార్య మొగుడి వైపే చెబుతుంది కదా అన్నారు. ఓనరు తరఫున బావ ఒక్కడే సాక్షి.

ఆ రోజు నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇన్నేళ్లు ఎత్తు బల్ల వెనక కూర్చున్న మనిషి, నల్లకోటు లేకుండా, మామూలు చొక్కాలో, కింద నిలబడ్డాడు. చొక్కా నేను కుట్టిందే. ఎందుకో మెడ దగ్గర వదులైనట్టు కనిపించింది. ఓనరు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన చేతులు పెద్దవి, మొరటువి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

బావ జరిగింది జరిగినట్టు చెప్పాడు. నీళ్లెంత ఉన్నాయో, స్టోరులో ఏ వైపు ఉన్నాయో, తూము ఎక్కడుందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ప్రభుత్వ లాయరు లేచి, పాత ఆర్డరు చేతికిచ్చి, ఇది మీరు రాసిందేనా అని అడిగాడు. అవునన్నాడు. కరిగిన జాడ లేదన్న వాక్యం పైకి చదవమన్నాడు. చదివాడు.

“అయితే అప్పుడు అబద్ధం రాశారా అండీ, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?”

లాయరు గొంతులో ఎగతాళి లేదు. చాలా మర్యాదగా అడిగాడు. బావే నేర్పి ఉంటాడు అలా అడగడం.

“అప్పుడు తడిశాను,” అన్నాడు బావ. “చూడలేదు.”

పైన కూర్చున్న ఇద్దరిలో ఒకాయన పెదవి చివర నవ్వాడు. నాకు లేచి వెళ్లి ఆయన కాలరు పట్టుకోవాలనిపించింది. తడిసినవాడికి నీళ్లు కనిపించకపోవడమేమిటని వాళ్లకి తమాషాగా ఉంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇన్నేళ్లుగా ఆ మనిషిని చూస్తున్నవాణ్ణి, అది నిజమేనని నాకు తెలుసు. ఆయన కాగితంలో లేనిది చూసే మనిషి కాదు.

లాయరు ఇంకెక్కువ అడగలేదు. ఆనాడు అక్కడికక్కడ రాసిన మాట ఒక వైపు, ఇన్నేళ్ల తర్వాత గుర్తొచ్చిందంటున్న మాట ఒక వైపు, ఈ రెంటిలో దేన్ని నమ్మాలో ఈ కోర్టుకి కొత్తగా చెప్పక్కర్లేదు, సాక్షిగారే జడ్జిగా ఉండగా ఎన్నో తీర్పుల్లో చెప్పారు అని కూర్చున్నాడు. బావ తల ఊపాడు. అలవాటు కొద్దీ ఊపాడో ఒప్పుకునే ఊపాడో నాకు తెలియదు.

తీర్పు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆర్డరు ఖాయం. సాక్షి మాట మీద గౌరవముందనీ, అయితే మనిషి జ్ఞాపకం కన్నా అప్పటి రాత నమ్మదగినదనీ రాశారు. పడుచు ఆఫీసరుగా మా బావ రాసిన మాట, ముసలితనంలో మా బావ చెప్పిన మాటని ఓడించింది. ఉద్యోగం పోయి, కుర్చీ పోయి, పేరు పోయి, ఆయన చెయ్యగలిగింది అంతా చేశాక కూడా ఐస్ ఫ్యాక్టరీకి దిమ్మంత లాభం కలగలేదు. పైకోర్టుకి పోయే ఓపిక ఓనరుకి లేదు. ఆయన లాయరు ఫైలు కట్టేసి, నా వంతు నేను చేశాను అన్నట్టు చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

తీర్పు విని నేనూ బావా వరండాలోకి వచ్చాం. ఓనరు బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తప్పుకోలేదు, దగ్గరికి వచ్చాడు. నేను భయపడ్డాను. నాలుగు మాటలు అంటాడు, అంటే అననీ, అనే హక్కు ఆయనకుంది అనుకున్నాను. బావ రెండు చేతులూ జోడించాడు. క్షమించమని అడగబోయాడు.

“మీరు చెప్పింది నిజమని నాకు తెలుసండీ,” అన్నాడు ఓనరు. “ఆ రోజు స్టోరులో మీ పక్కన నేనూ ఉన్నాను. మీరు జారబోతే చెయ్యి పట్టుకున్నాను కూడా.”

బావకి అదీ గుర్తు లేదు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. మరి నేను జడ్జిగా విన్న రోజు నన్ను గుర్తుపట్టారా అని అడిగాడు, వినపడీ వినపడనట్టు.

“లోపలికి రాగానే పట్టానండీ. మీకూ గుర్తుండే ఉంటుంది, తడిసిన మనిషి కదా, ఈసారి మన మాట నమ్ముతారులే అని ధైర్యంగా కూర్చున్నాను. లాయరుకి చెబితే వేరే జడ్జిని అడుగుదామన్నాడు, నేనే వద్దన్నాను.”

ఆ మాట విన్నాక బావ జోడించిన చేతులు దించేశాడు. నేను ఆ మనిషిని ఇక చాలు వెళ్లమని చెబుదామనుకున్నాను. కానీ ఆయనలో కోపం లేదు. ఉంటే బావ తట్టుకునేవాడేమో. ఫ్యాక్టరీకి తాళం వెయ్యడానికి రేపు వస్తారనీ, సామాన్లు సర్దుకోవాలనీ, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారనీ చెప్పాడు. వెళ్లబోతూ ఆగాడు.

“ఇప్పుడు మీకూ తెలిసింది కదండీ,” అన్నాడు. “జరిగింది జరిగినట్టు చెబుతాం. వాళ్లు మర్యాదగానే వింటారు. అంతా విని, లేదంటారు. మీరూ ఆ రోజు ఎంతో మర్యాదగా విన్నారు.”

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. బావ బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఇంకో కేసు పిలిచారు, పక్కనున్నవాళ్లు లేచి వెళ్లారు, వాళ్ల చోట్లో వేరేవాళ్లు వచ్చి ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను పోదాం రమ్మని రెండు మూడుసార్లు అన్నాను. ఆయన లేవలేదు.